"కలపాలా, తీసేయాలా?" అని అడిగే పిల్లలకు పద సమస్యలు నేర్పడం ఎలా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: అబ్బాయి ఏడో తరగతి. భిన్నాలు, శాతాలు, చిన్న సమీకరణాలు విడిగా ఇస్తే తప్పు లేకుండా చేస్తాడు. అదే లెక్క నాలుగు వాక్యాల్లో ఇస్తే "ఇది కలపాలా, తీసేయాలా?" అంటాడు. "మొత్తం" అంటే కూడిక, "మిగిలింది" అంటే తీసివేత అని గుర్తు పెట్టించారు. మొదట్లో పనిచేసింది, ఇప్పుడు ఇంకా అయోమయంగా ఉంది. ఏ పద్ధతిలో నేర్పాలి?

ముందు జవాబు చెప్పేస్తాను. ఏ లెక్క చేయాలన్నది చివర్లో తేలాల్సిన విషయం. వాడు దాన్ని మొదట్లోనే అడుగుతున్నాడు. దానికంటే ముందు మూడు సంగతులు కాగితం మీదకు రావాలి: సమస్యలో ఏయే రాశులున్నాయి, వాటిలో ఏది తెలియదు, ఒకదానికి మరొకదానితో సంబంధం ఏమిటి. ఈ మూడూ మాటల్లోనో బొమ్మలోనో పెడితే, కలపాలో తీసేయాలో వేరే ఎవరినీ అడగక్కర్లేదు. కాబట్టి ముఖ్యపదాల జాబితా ఈ రోజే పక్కన పెట్టండి. దాని బదులు నాలుగు అలవాట్లు చేయించండి: పెన్సిల్ పట్టకుండా ఒకసారి చదవడం, ప్రతి సంఖ్య పక్కన అది దేని సంఖ్యో రాయడం, బొమ్మ గీయడం, వచ్చిన జవాబును మళ్లీ సమస్యలో పెట్టి చూడడం. మొదటి రెండు మూడు వారాలు వేగం పడిపోతుంది. కంగారు పడకండి.

ముఖ్యపదాలు ఎందుకు దెబ్బతీస్తాయి

"సీత దగ్గర 24 పుస్తకాలున్నాయి. ఇవి రవి దగ్గరున్న వాటికంటే 9 ఎక్కువ. రవి దగ్గర ఎన్ని ఉన్నాయి?" ఇందులో "ఎక్కువ" ఉంది. జాబితా ప్రకారం కలిపితే 33 వస్తుంది. అసలు జవాబు 15.

"ఇద్దరి దగ్గర కలిపి 40 గోళీలు. ఒకడి దగ్గర 17. రెండోవాడి దగ్గర ఎన్ని?" ఇక్కడ "కలిపి" ఉంది, చేయాల్సింది తీసివేత.

మూడు నాలుగు తరగతుల పుస్తకాల్లో పదానికీ లెక్కకూ చాలాసార్లు పొంతన కుదురుతుంది. అందుకే ఈ చిట్కా కొంతకాలం పనిచేసినట్టు కనిపిస్తుంది. ఐదో తరగతి దాటేసరికి సమస్యల్లో రెండు మూడు మెట్లు వస్తాయి, ఒకే సమస్యలో "మొత్తం", "మిగిలిన", "ఎక్కువ" మూడూ ఉంటాయి. అప్పుడు ఏ పదాన్ని నమ్మాలో పిల్లవాడికి తెలియదు. మీ అబ్బాయిది సరిగ్గా ఈ దశే.

ఇంకో నష్టం కూడా ఉంది, నా దృష్టిలో అదే పెద్దది. సమస్య చదవకుండా సంఖ్యలు ఏరుకునే అలవాటు పడుతుంది. 1980 ప్రాంతంలో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో పరిశోధకులు ప్రాథమిక తరగతుల పిల్లలకు ఒక వింత ప్రశ్న ఇచ్చారు: "ఓడలో 26 గొర్రెలు, 10 మేకలు ఉన్నాయి. కెప్టెన్ వయసెంత?" ఎక్కువమంది పిల్లలు ఆ సంఖ్యలతో ఏదో ఒక లెక్క చేసి వయసు చెప్పేశారు. లెక్క రాక కాదు. ప్రశ్న ఇచ్చారంటే జవాబు ఉండి తీరుతుంది, ఇచ్చిన సంఖ్యలన్నీ వాడి తీరాలి అనే నమ్మకం వాళ్లతో ఆ పని చేయించింది. మీ ఇంట్లో కూడా వారానికొకటి ఇలాంటిది ఇవ్వండి. ఒకసారి సమాచారం చాలనిది, ఒకసారి అక్కర్లేని సంఖ్య ఉన్నది. "దీనికి జవాబు చెప్పలేం, ఫలానాది కావాలి" అని వాడు అన్న రోజున చదవడం మొదలైందని అర్థం.

ముందు ఎక్కడ ఆగుతున్నాడో చూడండి

పద సమస్య తప్పితే "వీడికి లెక్కలు రావు" అని ముద్ర వేసేస్తారు. తప్పు అనేక చోట్ల జరగొచ్చు. ఆస్ట్రేలియాకు చెందిన ఆన్ న్యూమన్ 1977లో ఇచ్చిన వరస నాకు తెలిసినంతలో అన్నిటికంటే పనికొచ్చేది. తప్పు చేసిన సమస్యనే మళ్లీ ఇచ్చి, సాయం చేయకుండా, ఈ ఐదూ వరసగా అడగాలి:

సమస్యను పైకి చదువు. ఏం కనుక్కోమంటున్నారో చెప్పు. ఎలా చేస్తావో చెప్పు. చేసి చూపించు. ఇప్పుడు జవాబును వాక్యంగా రాయి.

ఎక్కడ మొదటిసారి తడబడితే అక్కడే అసలు లోపం. చదవడంలోనే తడబడితే లెక్కల పుస్తకం మూసి, చదవడం మీద పనిచేయాలి. నాలుగో మెట్టు తప్పితే అది మామూలు గణన లోపం, పద సమస్యతో సంబంధం లేదు. మీరు చెప్పినదాన్ని బట్టి మీవాడు రెండో మెట్టులోనో మూడో మెట్టులోనో ఆగుతున్నాడు. ఏదో ఒక్క సమస్యతో నిర్ణయించకండి, ఓ పది తప్పుల మీద చూడండి.

రెండో మెట్టు పరీక్షకు చిన్న ఉపాయం: పుస్తకం మూసి, సమస్యను ఇంట్లో మాట్లాడుకునే మాటల్లో, సంఖ్యలు లేకుండా చెప్పమనండి. "ఒక ట్యాంకుంది, కొంత నీళ్లు వాడారు, మిగిలిన దాంట్లో మళ్లీ కొంత వాడారు, ఇంకొంచెం మిగిలింది, మొదట ఎంత ఉందో అడుగుతున్నారు." ఇంత చెప్పగలిగితే అర్థమైనట్టే. పుస్తకం ఏ భాషలో ఉన్నా సరే, తిరిగి చెప్పడం వాడికి అలవాటైన మాటల్లోనే జరగాలి.

చదివేటప్పుడు విభక్తుల మీద కన్నుండాలి

ముఖ్యపదాలు వద్దన్నాను కదా, మరి ఏ పదాలు చూడాలి? తెలుగులో సంబంధమంతా విభక్తి ప్రత్యయాల్లో ఉంటుంది. ఇవి కలపమనో తీసేయమనో చెప్పవు. ఏది దేనికి ఆధారమో చెబుతాయి. అందుకే ఇవి మోసం చేయవు.

"కంటే" పట్టుకున్న పేరు ఆధారం. "రవి కంటే సీతకు 9 ఎక్కువ" అంటే రవి బార్ (పుస్తకాల సంఖ్యను చూపే పొడవాటి దీర్ఘచతురస్రం) ముందు గీయాలి, దాని మీద 9 చేరిస్తే సీత బార్ వస్తుంది. ఇప్పుడు 24 అనేది ఎవరి బార్ మీద రాయాలో చూడాలి. పై సమస్యలో 24 సీతది. బొమ్మ చూస్తే రవిది చిన్న బార్ అని కళ్లకే కనిపిస్తుంది.

"నుంచి" పట్టుకున్నది ముందు రాయాలి. "ఒక సంఖ్య నుంచి 5 తీసేస్తే" అంటే క − 5. "5 నుంచి ఒక సంఖ్యను తీసేస్తే" అంటే 5 − క. వినిపించిన వరసలో రాసేసే పిల్లలు "8ని ఒక సంఖ్య నుంచి తీసివేయగా" అన్న చోట 8 − క అని రాస్తారు. (తెలియని సంఖ్యకు నేను "క" వాడుతున్నాను, మీవాడు ఏ అక్షరం వాడినా ఒకటే.)

"లో" పట్టుకున్నదే మొత్తం. "మిగిలిన దానిలో సగం" అంటే సగం చేయాల్సింది మిగిలినదాన్ని, మొదటి మొత్తాన్ని కాదు. భిన్నాల్లో, శాతాల్లో జరిగే తప్పుల్లో పెద్ద వాటా ఈ ఒక్క "లో" దగ్గరే.

"చొప్పున", "ఒక్కొక్క", "గంటకు", "రోజుకు" వస్తే అక్కడ రెండు ప్రమాణాలున్న రాశి ఉంది. గంటకు 40 కిలోమీటర్లు అన్నది కిలోమీటర్లూ కాదు, గంటలూ కాదు. దాన్ని దూరంతో గానీ కాలంతో గానీ కలపడం కుదరదని పిల్లవాడికి ప్రమాణాలు రాస్తేనే తెలుస్తుంది.

"రెట్లు" దగ్గర మాత్రం భాషే కాస్త తిరకాసు పెడుతుంది. "మూడు రెట్లు అయింది" అంటే 10 కాస్తా 30. "మూడు రెట్లు పెరిగింది" అన్నదాన్ని అక్షరాలా తీసుకుంటే 10కి 30 చేరి 40 కావాలి, కానీ చాలామంది 30 అనే ఉద్దేశంతోనే రాస్తారు. ఇలాంటి చోట పుస్తకం చివర జవాబు చూసి ఆ పుస్తకం వాడుక తెలుసుకోవడమే మార్గం. పరీక్షలో అయితే "మూడు రెట్లు అయిందని తీసుకున్నాను" అని ఒక ముక్క రాసి ముందుకెళ్లాలి.

తెలుగు వాక్యానికి ఇంకో లక్షణముంది. విశేషణాలన్నీ పేరుకు ముందు దొంతరగా పేరుకుంటాయి, క్రియ చివర్లో వస్తుంది. "ఒక సంఖ్యకు మూడు రెట్ల నుంచి 8 తీసివేయగా వచ్చిన దానిలో సగానికి 5 కలిపితే 16 వస్తుంది, ఆ సంఖ్య ఎంత?" దీన్ని ఒక్క గుక్కలో సమీకరణం చేయబోతే ఎవరైనా తప్పుతారు. ముక్కలు చేయించండి, ఒక్కో ముక్కకు ఒక్కో వరస:

సంఖ్య: క
మూడు రెట్లు: 3క
8 తీసేస్తే: 3క − 8
అందులో సగం: (3క − 8) ÷ 2
5 కలిపితే: (3క − 8) ÷ 2 + 5
అది 16.

ఇక సమీకరణాలు రాని చిన్న పిల్లలైనా వెనక నుంచి రావచ్చు: 16లోంచి 5 పోతే 11, అది సగం కాబట్టి మొత్తం 22, తీసేసిన 8 చేరిస్తే 30, అది మూడు రెట్లు కాబట్టి సంఖ్య 10. చివర ఏమైందో చెప్పి మొదట ఏముందో అడిగిన సమస్యలకు ఈ వెనకనడక సమీకరణం కంటే తేలిక.

బొమ్మ

ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే మీ అబ్బాయి వయసుకు అన్నిటికంటే ఫలితమిచ్చేది ఇదే. బొమ్మ అంటే ట్యాంకు, కుళాయి, చుక్కలు చుక్కలుగా నీళ్లు కాదు. పిల్లలు అదే గీస్తారు, సమయం పోతుంది, సంబంధం కనిపించదు. గీయాల్సింది పొడవాటి దీర్ఘచతురస్రాలు, అంటే బార్లు. సింగపూర్ బడుల్లో 1980ల నుంచి ప్రాథమిక తరగతుల్లో ఇలాగే నేర్పుతున్నారు.

సమస్య: "ట్యాంకులోని నీటిలో మూడో వంతు పొద్దున వాడారు. మిగిలిన దానిలో సగం సాయంత్రం వాడారు. ఇంకా 120 లీటర్లు ఉన్నాయి. మొదట ఎన్ని లీటర్లున్నాయి?"

బొమ్మ లేకుండా చేసేవాళ్లు మూడో వంతుకు సగం కలిపి 5/6 వాడారంటారు. మిగిలింది 1/6, అది 120, కాబట్టి 720. లెక్కంతా శుద్ధంగా ఉంది, జవాబు తప్పు. ఇప్పుడు బార్ గీయండి. మూడు సమాన గదులు. మొదటి గది కొట్టేయండి, అది పొద్దున వాడింది. మిగిలినవి రెండు గదులు, వాటిలో సగం అంటే ఒక గది. అదీ కొట్టేయండి. మిగిలిన ఒక్క గదిలో 120 రాయండి. మొత్తం 360. సమీకరణం లేదు, భిన్నాల కూడిక కూడా లేదు.

బార్ గీసేటప్పుడు జరిగే పొరపాట్లు రెండు. గదులు అసమానంగా గీస్తే కన్ను మోసపోతుంది, కాబట్టి గళ్ల కాగితం ఇవ్వండి. రెండోది, తెలియని రాశి మీద ప్రశ్నార్థకం పెట్టకపోవడం. ప్రశ్నార్థకం లేని బొమ్మతో అందరూ ఏదో ఒకటి కనుక్కుంటారు, అడిగింది మాత్రం కనుక్కోరు.

బార్ అన్నిటికీ పనికిరాదు. వేగం, దూరం సమస్యలకు గీత గీసి రెండు చివరలా బాణాలు పెట్టడం మేలు. వయసుల సమస్యలకు పట్టిక మేలు. స్తంభాలు, కోతలు లాంటి వాటికి చిన్న సంఖ్యతో నిజంగా గీసి చూడాలి. 100 మీటర్ల దారి పక్కన రెండు చివరలా వచ్చేలా 5 మీటర్లకొక స్తంభం పాతితే 20 కాదు, 21 కావాలి. 10 మీటర్ల దారికి గీసి చూస్తే సందులు 2, స్తంభాలు 3 అని వెంటనే తెలుస్తుంది.

అక్షరం అంటే సంఖ్య

ఏడో తరగతిలో సమీకరణాలు మొదలయ్యాక వచ్చే పెద్ద గండం ఇది. "విద్యార్థుల సంఖ్య టీచర్ల సంఖ్యకు 6 రెట్లు" అన్నదాన్ని సమీకరణంగా రాయమనండి. చాలామంది 6వి = టీ అని రాస్తారు, "ఆరుగురు విద్యార్థులకు ఒక టీచరు" అని చదువుకుంటూ. చిన్నపిల్లల తప్పు అనుకోకండి. 1981లో అచ్చయిన ఒక అమెరికా అధ్యయనంలో ఇంజినీరింగ్ చదివే 150 మంది విద్యార్థుల్లో మూడో వంతుకు పైగా దీన్ని తప్పుగానే రాశారు.

మందు రెండు భాగాలు. ఒకటి, అక్షరం ఎంచుకున్న వెంటనే పూర్తి వాక్యం రాయాలి: "వి = విద్యార్థుల సంఖ్య." "వి = విద్యార్థులు" అని రాస్తే ఒప్పుకోకండి. రెండోది, సమీకరణం రాయగానే ఊహించిన సంఖ్యలు వేసి చూడాలి. టీచర్లు 10 మంది అయితే విద్యార్థులు 60. 6 × 60 = 10? కాదు. వి = 6 × టీ? 60 = 6 × 10, అవును. పది సెకన్ల పని.

వయసుల సమస్యల్లో పట్టిక లేకుండా చేయనివ్వకండి. "తండ్రి వయసు కొడుకు వయసుకు 4 రెట్లు. 6 ఏళ్ల తర్వాత 3 రెట్లు అవుతుంది." ఇప్పుడు: క, 4క. ఆరేళ్ల తర్వాత: క + 6, 4క + 6. అప్పుడు 4క + 6 = 3(క + 6), క = 12. కొడుకుకు 12, తండ్రికి 48. ఆరేళ్లకు 18, 54, సరిపోయింది. ఇక్కడ తరచూ జరిగే తప్పు కుడిపక్కన 3క + 6 అని రాయడం. 6 ఏళ్లు కొడుక్కి కూడా గడిచాయని పట్టికలో కనిపిస్తుంది, తలలో కనిపించదు. ఇంకో దారి కూడా ఉంది: ఇద్దరి వయసుల తేడా ఎప్పటికీ మారదు. ఇప్పుడు తేడా కొడుకు వయసుకు 3 రెట్లు, అప్పుడు 2 రెట్లు. అంటే కొడుకు వయసు ఇప్పుడు ఆ తేడాలో మూడో వంతు, ఆరేళ్ల తర్వాత అదే తేడాలో సగం. తేడాలో సగానికి, మూడో వంతుకు మధ్య దూరం ఆరో వంతు, అది 6, కాబట్టి తేడా 36.

మారనిది ఏది?

పైన వయసుల తేడా మారలేదు. ఇదే ప్రశ్న మిగతా చోట్లా అడిగితే, పుస్తకం వేర్వేరు అధ్యాయాలుగా చూపించే సమస్యలు ఒక కుటుంబంలా కనిపిస్తాయి.

మిశ్రమం: 30 లీటర్ల ద్రావణంలో 20 శాతం ఆమ్లం. ఎంత నీరు కలిపితే 15 శాతం అవుతుంది? శాతం మారింది, మొత్తం మారింది, ఆమ్లం మారలేదు. ఆమ్లం 6 లీటర్లు. 6 లీటర్లు 15 శాతం కావాలంటే మొత్తం 40 ఉండాలి. కలపాల్సింది 10 లీటర్లు.

పని: ఒకరు 10 రోజుల్లో, మరొకరు 15 రోజుల్లో చేసే పనిని ఇద్దరూ కలిసి ఎన్ని రోజుల్లో చేస్తారు? పని మారదు. రోజులు కలిపితే 25, సరాసరి తీస్తే 12న్నర, రెండూ అర్థం లేనివే. ఒక్కడే 10 రోజుల్లో చేస్తుంటే తోడు దొరికాక అంతకంటే ఎక్కువ ఎలా పడుతుంది? మొత్తం పనిని 10, 15ల క.సా.గు. అయిన 30 ముక్కలనుకోండి. రోజుకు ఒకరు 3, మరొకరు 2 ముక్కలు. కలిసి 5. రోజులు 6.

వేగం: వెళ్లేటప్పుడు గంటకు 40, వచ్చేటప్పుడు అదే దారిలో 60 కిలోమీటర్లు. సరాసరి వేగం 50 అని రాయని పిల్లలు అరుదు. మారనిది దూరం. దాన్ని 120 కిలోమీటర్లనుకుంటే 3 గంటలు, 2 గంటలు. 240 కిలోమీటర్లకు 5 గంటలు, అంటే 48. నెమ్మదిగా వెళ్లినప్పుడు ఎక్కువసేపు గడిచింది కాబట్టి సరాసరి 40 వైపుకు వాలింది.

శాతాల్లో మాత్రం ప్రశ్న తిరగబడుతుంది, ఆధారం మారిపోతుంది. ఒక సంఖ్య 20 శాతం పెరిగి 180 అయింది. మొదట ఎంత? 180లో 20 శాతం, అంటే 36 తీసేసి 144 అంటారు. కానీ 20 శాతం పెరిగింది మొదటి సంఖ్య మీద. అది 100 భాగాలైతే 180 అన్నది 120 భాగాలు. మొదటిది 150. ప్రతి శాతం పక్కన "దేని మీద?" అని రాయిస్తే ఈ తప్పు చాలావరకు పోతుంది.

కాళ్లు, తలల లెక్క మాత్రం ఊహించి సరిదిద్దే పద్ధతికి మంచి సాధన. చైనాలో వెయ్యేళ్లకు పైగా తిరుగుతున్న సమస్య: పంజరంలో పక్షులు, కుందేళ్లు కలిపి తలలు 35, కాళ్లు 94. అన్నీ పక్షులే అనుకుందాం, కాళ్లు 70. ఇంకా 24 కావాలి. ఒక పక్షిని కుందేలుగా మారిస్తే 2 కాళ్లు పెరుగుతాయి. 12 కుందేళ్లు, 23 పక్షులు. "ఊహించడం తప్పు" అని పిల్లలకు ఎవరో చెప్పేసి ఉంటారు. ఊహించి, తేడా కొలిచి, సరిదిద్దడం పూర్తి స్థాయి పద్ధతే.

జవాబు వచ్చాక

అమెరికాలో 1980ల మొదట్లో జరిగిన జాతీయ పరీక్షలో 13 ఏళ్ల పిల్లలకు ఇచ్చిన ప్రశ్న: ఒక బస్సులో 36 మంది సైనికులు పడితే 1,128 మందికి ఎన్ని బస్సులు కావాలి? దాదాపు 70 శాతం మంది భాగహారం సరిగ్గా చేశారు. 32 అని రాసినవాళ్లు 23 శాతమే. 29 శాతం మంది "31, శేషం 12" అని రాశారు. ఆ 12 మంది నడిచి వెళ్లాలేమో!

అందుకే జవాబు ఉత్త సంఖ్యగా ఉండకూడదు. లెక్క మొదలుపెట్టక ముందే కాగితం అడుగున జవాబు వాక్యం ఖాళీతో రాయించండి: "_____ బస్సులు కావాలి." పక్కనే అంచనా కూడా: "30కి పైన." లెక్క అయ్యాక ఖాళీ నింపి వాక్యం చదివితే శేషం సంగతి దానంతటదే తేలుతుంది.

సరిచూడడం గురించి ఒక హెచ్చరిక. చాలామంది జవాబును తాము రాసుకున్న సమీకరణంలో వేసి సరిపోయిందంటారు. సమీకరణమే తప్పయితే అది ఎప్పటికీ బయటపడదు. సరిచూడాల్సింది మొదటి సమస్య వాక్యాల్లో. ఇందాకటి 720 లీటర్లనే తీసుకోండి. పొద్దున మూడో వంతు 240 పోయింది, 480 మిగిలింది, అందులో సగం పోతే 240. సమస్యలో 120 అన్నారు. తప్పు దొరికింది.

ఇంట్లో ఎలా సాధన చేయించాలి

రోజుకు మూడు సమస్యలు చాలు, ఇరవై నిమిషాలు మించనివ్వకండి. ఒకటి పూర్తిగా చేయాలి. ఒకటి బొమ్మ, సంబంధం రాసి ఆపేయాలి, గణన వద్దు. గణన వచ్చినవాడికి అదే పదేపదే చేయించడం వల్ల వాడికి ఒరిగేదేమీ లేదు. మూడోది తిరగేసి ఇవ్వండి: "3క + 5 = 26 వచ్చేలా ఒక కథ రాయి." ఇది వినడానికి ఆటలా ఉంటుంది కానీ సంబంధం అర్థమైందో లేదో దీని ముందు దాక్కోలేరు.

సమస్యలు ఒకే అధ్యాయం నుంచి తీయకండి. శాతాల అధ్యాయంలో పది సమస్యలు వరసగా చేస్తుంటే రెండోదానికే పద్ధతి తెలిసిపోతుంది, చదవాల్సిన అవసరం ఉండదు. పాత అధ్యాయాల నుంచి కలగలిపి ఇస్తే మార్కులు మొదట తగ్గుతాయి. పరీక్షలో పద్ధతి పేరు చెప్పి ప్రశ్న ఇవ్వరు కాబట్టి ఆ కష్టం ఇంట్లోనే పడనివ్వాలి.

తప్పుల పుస్తకం ఒకటి పెట్టించండి. ప్రతి తప్పు పక్కన ఒక్క మాట: చదవడం, సంబంధం, గణన, జవాబు. నెల తిరిగేసరికి ఏది ఎక్కువగా ఉందో చూసి దాని మీదే పనిచేయండి. తప్పు సమస్యను వారం తర్వాత సంఖ్యలు మార్చి మళ్లీ ఇవ్వండి, అదే సంఖ్యలతో ఇస్తే జవాబు గుర్తుండిపోతుంది.

వాడు ఇరుక్కుంటే ఐదు నిమిషాలు వదిలేయండి. ఆ తర్వాత కూడా పద్ధతి చెప్పకండి, "సంఖ్యలు చిన్నవి చేసి చూడు" అనండి. 1,128 మంది, 36 మంది బదులు 10 మంది, 4 మంది. 3/7 బదులు సగం. చిన్న సంఖ్యలతో చేసినప్పుడు చేతులు ఏ లెక్క చేశాయో చూసుకుని అదే పెద్ద సంఖ్యలతో చేయడం. "కలపాలా, తీసేయాలా?" అని మళ్లీ అడిగితే మీ జవాబు ఒక్కటే: "బొమ్మ చూపించు."